బోదకాలికి మందు కన్నా ముందు సబ్బు, పొడిగుడ్డ

చి. ల. సౌ. అమ్మాయికి, ఆశీస్సులు.

మీ అత్తగారి బోదకాలు మాత్రలకు తగ్గడం లేదని బెంగపెట్టుకోకు. ఏడాదికోసారి ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఒంట్లో ఈ జబ్బు తెచ్చే ఫైలేరియా పురుగుల మీద పనిచేస్తాయి. అవి వేసుకోవలసిందే గానీ, పాత వాపు వాటితో పోదు. నీరు లాగే మాత్రలూ దీనికి పనికిరావు. చెడిపోయినవి లింఫు నాళాలు, అంటే కాలిలో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలు.

కాలు లావెక్కేది ముఖ్యంగా చర్మంలోకి క్రిములు చేరి చలిజ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ. వేళ్ల సందుల్లో నాని తెల్లబడిన చర్మం, మడమ పగుళ్లు, గోటి పక్కన గాయం: క్రిములు దూరే దారులివే. అందుకే రోజుకు రెండుపూటలా రెండు కాళ్లూ కడగాలి. వేడినీళ్లొద్దు, మామూలు నీళ్లు చాలు. వాసన లేని మెత్తటి సబ్బు నురగ చేతికి రాసుకుని మోకాలి నుంచి కిందికి రా. మడతలు విప్పి లోపల కడుగు. బ్రష్షుతో, పీచుతో రుద్దితే కొత్త గాయాలవుతాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా పోసి, పాత నూలుగుడ్డతో అద్దు. వేళ్ల మధ్య సన్నని గుడ్డపేలిక దూర్చి తడి తీయి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. తడి మిగిలితే కడిగినా ఫలితం లేదు. సందులు తెల్లగా ఉంటే క్లోట్రిమజోల్ అనే, ఫంగస్‌ను చంపే పూతమందు పూయి.

రాత్రి మంచం కాళ్లవైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టు. గుండెజబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే. కూర్చున్నప్పుడు పాదం స్టూలు మీద ఉండాలి. మడమ పైకీ కిందికీ, గుండ్రంగానూ పదిహేనేసిసార్లు తిప్పించు.

కట్టు ఉదయం మంచం దిగకముందే కట్టాలి. బాగా సాగే క్రేప్ కట్టు నిలవదు, తక్కువ సాగే రకం అడుగు. వేళ్ల మొదలు నుంచి మోకాలిదాకా, ప్రతి చుట్టూ కింది చుట్టులో సగం కప్పుతూ, పాదం దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా. తారుమారైతే పాదం ఉబ్బుతుంది. వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పెయ్. షుగరున్నవాళ్లకు కాలి రక్తప్రసరణ చూపించకుండా కట్టొద్దు. మొదటిసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకో. వాపు దిగాక కొలతిచ్చి, కట్టులాగే కాలిని బిగించి ఉంచే మేజోడు తీసుకోవచ్చు.

వణుకుతో జ్వరమొచ్చి కాలు ఎర్రగా కాలిపోతుంటే కట్టు, వ్యాయామం రెండూ ఆపు. కాలు ఎత్తులో పెట్టి, చన్నీళ్ల గుడ్డ వేసి, పారాసెటమాల్ ఇచ్చి, ఆ రోజే డాక్టరుకు చూపించు, యాంటీబయాటిక్ అవసరం. కాపడం, ఆకుపసరు, గాట్లు ఎవరు చెప్పినా వద్దు.

మీ పెద్దమ్మ