పెద్దవాళ్లు తూలుతుంటే నిద్రమాత్రను కూడా అనుమానించండి

మీ నాన్నగారు నిద్రమాత్ర మొదలుపెట్టాక రాత్రిళ్లు బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలుతున్నారని, పొద్దున్నే నోరు చేదంటున్నారని, ఇదంతా వయసు వల్లేనా అని అడిగారు. వయసు ఒక్కటే అనుకుని వదిలేయకండి. మా అమ్మ విషయంలో ఇవన్నీ దగ్గరుండి చూశాను.

అమ్మ వాడింది జోపిక్లోన్ అనే నిద్రమాత్ర. నోట్లో లోహపు చేదు ఆ మందుకు బాగా తెలిసిన లక్షణమే. మందు లాలాజలంలోకి కూడా వస్తుంది కాబట్టి నోరు పుక్కిలించినా పూర్తిగా పోదు. పాపం, అమ్మకు తిండి మీదే విసుగు పుట్టింది.

తూలడం అంతకంటే ప్రమాదం. మనం పడిపోకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ చెప్పేదాన్ని మెదడు క్షణక్షణం కలిపి చూసుకోవాలి. జోపిక్లోన్, జోల్పిడెమ్, అల్ప్రాజోలామ్ లాంటివి మెదడులో గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి ఆ పనిని మందగింపజేస్తాయి. పెద్దవయసులో చూపు ముందే తగ్గి ఉంటుంది, షుగర్ ఉంటే పాదాలు మొద్దుబారతాయి, పైగా లేచేది చీకట్లో. మందు ఒంట్లోంచి పోవడానికీ వాళ్లకు ఎక్కువ టైమ్ పడుతుంది. డయాజిపామ్ అయితే రోజుల తరబడి ఉండిపోతుంది, పగలు కూడా మత్తు, మసక చూపు ఉంటాయి. పొద్దున్నకి కూడా రక్తంలో మందు మిగిలి ఉంటోందనే అమెరికాలో 2013లో ఆడవాళ్లకు జోల్పిడెమ్ మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించారు.

మాత్ర వేసుకున్న టైమ్, తూలిన టైమ్ పక్కపక్కనే రాసిపెట్టండి. మాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. అమ్మకు రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గేది. డాక్టర్ ఆ కాగితం చూశాకే మోతాదు మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. జలుబు, అలర్జీ, బీపీ మాత్రలు కూడా తీసుకెళ్లి చూపించండి, వాటిలో కొన్ని మత్తునో తూలడాన్నో పెంచుతాయి.

మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే నిద్ర ఇంకా చెడుతుంది, చేతులు వణుకుతాయి, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్‌ని కలిసేదాకా బాత్రూమ్ దారిలో లైటు వేసి ఉంచండి, లేవగానే నడవకుండా కాసేపు మంచం మీద కూర్చోమనండి. పడి తలకు దెబ్బ తగిలినా, ఉన్నట్టుండి మాట తడబడినా మాత్ర వల్లేలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అమ్మకు మాత్ర ఆపాక నోటి చేదు పోయింది, రాత్రి తూలడం బాగా తగ్గింది. పాదాల మొద్దు మాత్రం షుగర్ వల్ల వచ్చింది కాబట్టి అలాగే ఉంది, చేతికర్ర ఇప్పటికీ వాడుతోంది.