ఒకే రకం వలసకి రెండు రకాల లెక్కలా?

ప్రశ్న: అమెరికాలో లిథువేనియా మూలాలున్నవాళ్ళు ఉక్రెయిన్ మూలాలవాళ్ళకన్నా బాగా సంపాదిస్తారని మా అబ్బాయి వాదన, నిజమేనాండీ?

జవాబు: సగటు చూసి తీర్పు చెప్పేయకండి, ఆ సగటులో ఎవరెవరున్నారో ముందు చూడాలి. మొదట్లో ఇద్దరిదీ కటిక పేదరికమే, 1914కి ముందు వచ్చిన లిథువేనియన్లు పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో, చికాగో కబేళాల్లో ఒళ్ళు హూనం చేసుకున్నారు, ఉక్రేనియన్లూ అవే గనుల్లో దిగారు, కెనడా వెళ్ళినవాళ్ళైతే 10 డాలర్ల ఫీజు కట్టి 160 ఎకరాల బీడు తీసుకుని సాగుచేశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1948 శరణార్థుల చట్టంతో రెండు వైపులా చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు, చికాగోలో ఉక్రేనియన్లు 1951లో సొంత పరపతి సంఘమే పెట్టుకున్నారు, బ్యాంకు చుట్టూ తిరగకుండా ఇంటి అప్పులు అక్కడే.

అసలు తేడా 1991 తర్వాతే. ఉక్రెయిన్ నుంచి అమెరికాకి జనం వస్తూనే ఉన్నారు, 2022 యుద్ధంతో ఇంకా పెరిగారు, లిథువేనియావాళ్ళకేమో 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక బ్రిటన్, ఐర్లాండ్ దారి తెరుచుకుంది. దాంతో అమెరికా లిథువేనియన్లలో ఎక్కువమంది అక్కడే పుట్టి స్థిరపడిన మనవలూ మునిమనవలూ, ఉక్రేనియన్ లెక్కలో మాత్రం నిన్నగాక మొన్న దిగి ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్ళూ కలుస్తారు. మలేషియా తోటలకి కూలికెళ్ళిన మనవాళ్ళ వారసుల్నీ, హెచ్‌1బి మీద డాలస్‌లో దిగినవాళ్ళనీ కలిపి తెలుగువాళ్ళ సగటు అంటే మీ అబ్బాయి ఒప్పుకుంటాడా? అమెరికాలోనే పుట్టినవాళ్ళని వేరుచేసి, వయసు, చదువు, ఊరు కూడా లెక్కలోకి తీసుకుని మళ్ళీ పోల్చమనండి.