ఫ్రాంచైజీ గడువు అయ్యాక అదే షాపులో సొంత టీ కొట్టు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: ఖమ్మంలో 5 ఏళ్ళుగా ఒక టీ కంపెనీ ఫ్రాంచైజీ నడుపుతున్నాను. అగ్రిమెంట్ వచ్చే నెలాఖరుకి అయిపోతుంది. రెన్యువల్ వద్దనుకుని, అదే షాపులో సొంత పేరుతో టీ కొట్టు పెట్టుకుంటానంటే కంపెనీ వాళ్ళు బెదిరిస్తున్నారు. గడువు అయ్యాక 2 ఏళ్ళపాటు 5 కిలోమీటర్ల లోపల టీ వ్యాపారం చేయకూడదని, వాళ్ళ రహస్యాలు ఎప్పటికీ వాడకూడదని, తప్పితే 10 లక్షలు కట్టాలని అగ్రిమెంట్లో ఉంది. సంతకం చేసిన 2 ఖాళీ చెక్కులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఈలోగా బస్టాండ్ దగ్గర మా బావమరిది పేరు మీద ఇంకో టీ షాపు తెరుద్దామని అడ్వాన్స్ కూడా ఇచ్చాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ బావమరిది షాపు ఆపండి. ఈ రోజే ఆపండి. మీరు రాసినదంతా చదివితే, భయపడనక్కర్లేని క్లాజుకి భయపడుతున్నారు, అసలు ఇరుక్కునే పని మాత్రం ధైర్యంగా చేసేస్తున్నారు.

ఎందుకంటే గడువు నడుస్తున్నంత కాలం పోటీ వ్యాపారం పెట్టకూడదన్న షరతు చెల్లుతుంది. 1995లో గుజరాత్ బాట్లింగ్ కంపెనీకీ కోకాకోలాకీ మధ్య కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. గోల్డ్‌స్పాట్, లిమ్కా, థమ్సప్ లాంటివి తయారుచేసి సీసాల్లో నింపే కంపెనీ అది. ఒప్పందం ఉన్నన్నాళ్ళూ వేరేవాళ్ళ డ్రింకుల జోలికి పోనని రాసిచ్చింది, తర్వాత దాని వాటాలు పెప్సీ వైపు వాళ్ళ చేతికి వెళ్ళాయి. ఆ షరతు వ్యాపారానికి అడ్డం కాబట్టి చెల్లదని వాదిస్తే కోర్టు ఒప్పుకోలేదు. ఫ్రాంచైజీ నడిచే కాలానికి పెట్టుకున్న అలాంటి షరతు వ్యాపారం పెరగడానికి పెట్టుకున్నదే అంది. ఇక పేరు బావమరిదిది కదా అంటారా, మీ అగ్రిమెంట్లో ‘పరోక్షంగా గానీ, బంధువుల ద్వారా గానీ’ అన్న ముక్క ఉందేమో తీసి చూడండి, ఈ తరహా అగ్రిమెంట్లలో దాదాపు అన్నిటా ఉంటుంది. అడ్వాన్స్ మీ ఫోన్ నుంచే పంపి ఉంటే ఆ ఒక్క బ్యాంకు ఎంట్రీ చాలు వాళ్ళకి. నెల ఓపిక పట్టలేక, కంపెనీకి డిపాజిట్ కట్టి ఉంటే అది పోగొట్టుకోవడం, పైగా నష్టపరిహారం కేసు తెచ్చుకోవడం ఎందుకండీ?

గడువు అయిన మర్నాటి నుంచి లెక్క మారిపోతుంది. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం, ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఆ సెక్షన్‌లో ఉన్న మినహాయింపు ఒక్కటే, వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో, అంటే దానికున్న మంచిపేరుతో సహా అమ్మేసినవాళ్ళది. మీరు గుడ్‌విల్ అమ్మలేదు, అద్దెకి పేరు తెచ్చుకుని తిరిగి ఇచ్చేస్తున్నారు. ‘2 ఏళ్ళే కదా, 5 కిలోమీటర్లే కదా, సమంజసమే కదా’ అని వాళ్ళ వకీలు అంటారు. ఇంగ్లండ్‌లో ఆ వాదన నిలబడే వీలుంది, అక్కడ షరతు సమంజసమా కాదా అని తూకం వేస్తారు. ఇలాంటి క్లాజులు చాలావరకు విదేశీ నమూనాలు చూసి దించుకున్నవే. మన సుప్రీంకోర్టు 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో ఒప్పందం ముగిశాక కూడా మనిషిని కట్టిపడేసే షరతు సెక్షన్ 27 కింద చెల్లదని స్పష్టంగా చెప్పింది. ఆయనకీ, ఆయన ప్రకటనల వ్యవహారాలు చూసే పర్సెప్ట్ డిమార్క్ అనే సంస్థకీ మధ్య 3 ఏళ్ళ ఒప్పందం, అది అయిపోయాక ఇంకో సంస్థతో వెళ్ళాలనుకుంటే మొదటి సంస్థ అడ్డుపడింది. కోర్టు ఆయన్ని వెళ్ళనిచ్చింది.

కాబట్టి టీ అమ్ముకోవడం మీ హక్కు. వాళ్ళ టీ అమ్మడం మాత్రం కాదు, రహస్యాల క్లాజు పనిచేసేది ఇక్కడే. వ్యాపార రహస్యాల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, గోప్యంగా ఉంచుతానని రాసిచ్చిన మాట గడువు అయ్యాక కూడా కట్టుబడేదే, ఎందుకంటే అది మీ వ్యాపారాన్ని ఆపదు, వాళ్ళ సొత్తుని కాపాడుతుంది. సీలు వేసి పంపే ఆ మసాలా పొడిలో ఏలకులెంత, శొంఠెంత అన్న కొలత వాళ్ళది. ట్రైనింగ్ పుస్తకం వాళ్ళది, దాని పేజీలు ఫోన్‌లో ఫొటోలుగా ఉంటే వాటిని చూసి పని చేయకండి. బిల్లింగ్ యాప్‌లో ఉన్న కస్టమర్ల నంబర్లు దించుకోకండి. కానీ పాలు ఎప్పుడు పొంగుతాయో, డికాషన్ ఎంతసేపు మరగాలో, పొద్దున 6 గంటలకి ఎన్ని లీటర్లు సిద్ధంగా ఉండాలో 5 ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడి నేర్చుకున్నారు చూడండి, అది మీది. దాన్ని రహస్యం అని పేరు పెట్టి ఎవరూ లాక్కోలేరు.

నా దగ్గరికి వచ్చిన ఒక బేకరీ ఆయన సంగతి చెప్తాను. గడువు అయిన రాత్రే బోర్డు దించేశాడు, గోడలకి రంగు కూడా మార్చాడు. మిగిలిపోయిన కేకు డబ్బాలు పారేయడానికి మాత్రం మనసొప్పలేదు, లోగో మీద తెల్ల స్టిక్కర్ అంటించి వాడేశాడు. కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ వచ్చి ఒక డబ్బా తీసుకుని, స్టిక్కర్ మూల గోటితో లేపి, కింద లోగో కనిపించేలా ఫొటో తీసుకున్నాడు. అప్పటిదాకా బలంగా ఉన్న మా కేసు ఆ ఫొటోతో ట్రేడ్‌మార్క్ వైపు తిరిగింది, అక్కడ సెక్షన్ 27 అక్కరకు రాదు. అందుకని పేపర్ కప్పులు, యూనిఫాంలు, మెనూ కార్డు, స్విగ్గీ జొమాటోల్లో పేరు, గూగుల్ మ్యాప్‌లో పేరు, అన్నీ గడువు తేదీకి మార్చేయండి. సరుకు వాపసు ఇచ్చి రసీదు తీసుకోండి.

10 లక్షలంటారా, కాగితం మీద రాసుకున్నంత మాత్రాన ఆ మొత్తం వచ్చేయదు. అదే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం అది గరిష్ఠ పరిమితి, అంతకు లోబడి సమంజసమైనది మాత్రమే కోర్టు ఇప్పిస్తుంది. చెల్లని షరతుని మీరితే అసలు ఉల్లంఘనే లేదు.

అగ్రిమెంట్ మళ్ళీ ఒకసారి కూర్చుని చదవండి. ముందుగా నోటీసు ఇవ్వకపోతే దానంతటదే రెన్యువల్ అవుతుందని ఎక్కడైనా రాసి ఉంటే పైన చెప్పిందంతా తలకిందులవుతుంది. షాపు అద్దె కాగితం ఎవరి పేరు మీద ఉందో కూడా చూసుకోండి. ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే తగాదాని మధ్యవర్తి తేల్చాలన్న షరతు ఉంటే, వాళ్ళు ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9 కింద కోర్టుకెళ్ళి, మీకు చెప్పకుండానే ఇంజంక్షన్ (మిమ్మల్ని ఆపే ఆర్డర్) తెచ్చుకునే ప్రయత్నం చేయవచ్చు. దానికి విరుగుడుగా అగ్రిమెంట్లో రాసిన ఊరి కోర్టులో ఇప్పుడే కేవియట్ (నన్ను పిలవకుండా ఆర్డర్ ఇవ్వొద్దన్న ముందస్తు దరఖాస్తు) వేయించండి, 90 రోజులు పనిచేస్తుంది, మీ మాట వినకుండా ఆర్డర్ రాకుండా చూసుకోవచ్చు.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టేవి ఆ 2 చెక్కులు. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కుని వేరేవాళ్ళు నింపినా అది బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందు భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, కాదని చూపించే భారం మీ మీదే పడుతుంది. చెక్కుకి డబ్బు ఇవ్వొద్దని బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టినంత మాత్రాన చెక్ బౌన్స్ కేసు నుంచి తప్పించుకోలేరు. రాయల్టీ, సరుకు బకాయిలు ఉంటే తీర్చేసి, చెక్కు నంబర్లు వేసి, ఇవి సెక్యూరిటీ కోసం ఇచ్చినవి, బాకీ ఏమీ లేదు, తిరిగి ఇవ్వండి అని స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ పెట్టి ఉత్తరం పంపండి, కాపీ దాచుకోండి. ఆ తర్వాత కూడా చెక్కు బౌన్స్ చేసి నోటీసు పంపితే 15 రోజుల్లోపు వకీలు చేత జవాబు ఇప్పించండి. ఆ కవరు మాత్రం తీసుకోకుండా తిప్పి పంపకండి, తిప్పి పంపినా అందినట్టే లెక్క.