స్పిరులినా: ఒక చెంచాలో ఎంత బలం?

పాఠకుల ఆహార సందేహాలకు పోషకాహార నిపుణురాలి సమాధానాలు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఎప్పుడూ నీరసంగా ఉంటోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 అని వచ్చింది. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు గానీ, వేసుకుంటే కడుపులో వికారంగా ఉంటోందని మానేసింది. తెలిసినవారొకరు స్పిరులినా బిళ్లలు చూపించి, రోజుకు రెండు వేసుకుంటే రక్తం పడుతుందని, పాలకూర కన్నా ఎన్నో రెట్లు ఇనుము, మాంసం కన్నా ఎక్కువ ప్రోటీన్ ఇందులో ఉన్నాయని చెబుతున్నారు. నెలకు సరిపడే డబ్బా 900 రూపాయలట. కొనమంటారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, స్పిరులినాలో మీరు విన్న పోషకాలు నిజంగానే ఉన్నాయి. అయితే ఆ లెక్కలన్నీ వంద గ్రాముల పొడికి చెప్పినవి. మీ అమ్మాయి వేసుకోబోయేది 500 మిల్లీగ్రాముల బిళ్లలు రెండు, అంటే ఒకే ఒక్క గ్రాము. ఈ తేడా తెలియకపోవడం వల్లనే ఎంతోమంది తల్లిదండ్రులు డబ్బూ, అంతకన్నా విలువైన కాలమూ పోగొట్టుకుంటున్నారు కనుక, కాస్త వివరంగానే చెబుతాను.

స్పిరులినా కంటికి కనిపించనంత చిన్నదైన నీలి ఆకుపచ్చ నాచు. శాస్త్రవేత్తలు దీన్ని బ్యాక్టీరియా కుటుంబంలోనే లెక్కిస్తారు. మనకిది కొత్తే గానీ లోకానికి పాతదే. మెక్సికోలో అజ్టెక్ ప్రజలు టెక్స్‌కోకో సరస్సు మీద తేలే ఈ నాచును తీసి ఎండబెట్టుకొని తినేవారు, ఆఫ్రికాలో చాద్ సరస్సు ఒడ్డున ఉండేవారు దానినే 'దిహే' అనే పేరుతో నేటికీ తింటున్నారు. ఎండిన పొడిలో సగానికి పైగా ప్రోటీనే ఉంటుంది. వంద గ్రాములకు సుమారు 57 గ్రాముల ప్రోటీన్, 28 మిల్లీగ్రాముల ఇనుము, దండిగా బి1, బి2 విటమిన్లు, శరీరంలో విటమిన్ 'ఎ'గా మారే బీటా కెరోటిన్ లభిస్తాయి. మొక్కల కణాలకు ఉండే గట్టి సెల్యులోజ్ గోడ దీనికి లేదు కాబట్టి తేలికగా అరుగుతుంది. చిటికెడు పొడిని చల్లని నీళ్ల గ్లాసులో వేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచితే, అడుగున ఉన్న ఆకుపచ్చ ముద్ద నుంచి నీలిరంగు మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. ఆ రంగునిచ్చే ఫైకోసయనిన్ కూడా ఒక రకం ప్రోటీనే, వేడి తగిలితే దాని రంగు పోతుంది.

ఇప్పుడు ఒక గ్రాము లెక్క చూద్దాం. రెండు బిళ్లల్లో ప్రోటీన్ అర గ్రాముకు కొంచెం ఎక్కువ, ఇనుము 0.3 మిల్లీగ్రాములైనా నిండదు. రకాన్ని బట్టి ఇనుము కొంత హెచ్చుతగ్గులు కావచ్చు, కానీ దానికి ఎన్నో రెట్లు వేసుకున్నా మీ అమ్మాయి అవసరం తీరదు. ఎదిగిన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఒక్క ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలోనే 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంత ఇనుము స్పిరులినా నుంచి రావాలంటే రమారమి 200 గ్రాముల పొడి తినాలి. పాలకూరతో పోలికలోనూ ఒక మెలిక ఉంది. పచ్చి పాలకూరలో పదింట తొమ్మిది వంతులు నీరే, దాన్ని ఎండిన పొడి పక్కన పెడితే పొడే గొప్పగా కనిపిస్తుంది. పైగా పాలకూరను కట్టలకొద్దీ వండుకుంటాం, స్పిరులినాను చెంచాతో కొలుచుకుంటాం. ప్రోటీన్ విషయానికి వస్తే, ఒక కోడిగుడ్డులో ఉండే ఆరు గ్రాముల కోసం ఇరవైకి పైగా బిళ్లలు మింగాలి. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా, ఆ డబ్బా ఖరీదుకు నూట ఇరవైకి పైగా గుడ్లు వస్తాయి.

కాబట్టి మీరు ముందుగా చేయవలసిన పని ఆ మాత్రలను మళ్లీ మొదలుపెట్టించడం. గర్భవతులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువైతే రక్తహీనత అంటారు, 8 నుంచి 10.9 మధ్య ఉంటే దాన్ని మధ్యస్థ రక్తహీనతగా పరిగణిస్తారు. తిండి ఒక్కదానితో అది తీరదు, మందు కావలసిందే. రాత్రి అన్నం తిన్న తరువాత మాత్ర వేసుకుంటే వికారం చాలామందికి తగ్గుతుంది. నిమ్మరసంతో వేసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, పాలతోనో చాయ్‌తోనో వేసుకుంటే ఒంటబట్టదు. విరేచనం నల్లగా కావడం మామూలే, భయపడవద్దు. అప్పటికీ పడకపోతే మానేయకుండా డాక్టరుకు చెప్పండి, మందు రకమో మోతాదో మారుస్తారు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందేమో, కడుపులో కొంకి పురుగులున్నాయేమో కూడా చూపించాలి. మాత్రలు సరిగా వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే తలసీమియా, సికిల్ సెల్ పరీక్షలు చేయించాలి. ఈ కారణాలలో ఏది ఉన్నా స్పిరులినా దాన్ని కనిపెట్టదు, తీర్చదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. ఇంతమంది ఆడపిల్లలు నీరసంగా ఉండడం మామూలే అనుకొనే స్థితికి వచ్చామంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

పొద్దున ఒట్టి చాయ్ తాగి కాలేజీ బస్సెక్కే అలవాటు మీ అమ్మాయికి ఉంటే ముందు దాన్ని మాన్పించండి. జొన్నరొట్టెతో పుంటికూర పప్పో తోటకూరో, ఉడికించిన బొబ్బర్లపై నిమ్మకాయ పిండుకొని తినడమో, సాయంత్రం నువ్వుల ఉండ, పల్లీపట్టీ తినడమో అలవాటు చేయండి. మాంసం తినేవారైతే వారానికొకసారి మేక కార్జం వండి పెట్టండి, అందులోని ఇనుము ఆకుకూరలలోని ఇనుము కన్నా తేలికగా ఒంటబడుతుంది. ఇవన్నీ చేస్తూ స్పిరులినా కూడా ఇస్తానంటే నేను వద్దనను. మాత్రలకు బదులుగా ఇస్తానంటే మాత్రం ఒప్పుకోలేను.

ప్రశ్న: నేను గల్ఫ్‌లో పనిచేస్తున్నాను. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నగారికి 62 ఏళ్లు, శాకాహారి. పన్నెండేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. నిరుడు గుండెకు స్టెంట్ వేశారు. ఈ మధ్య అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయంటున్నారు. స్పిరులినా షుగర్‌నూ కొలెస్ట్రాల్‌నూ తగ్గిస్తుందని, బి12 లోపాన్ని తీరుస్తుందని ఇక్కడి మిత్రులు చెబితే పంపించాలనుకుంటున్నాను. మందులు తగ్గించవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మందులు తగ్గించవద్దు. షుగర్ విషయంలో కొంత ఆధారం ఉన్న మాట నిజమే. బరోడాలో 25 మంది మధుమేహ రోగులతో జరిపిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. అందులో రోజుకు రెండు గ్రాముల చొప్పున రెండు నెలలు స్పిరులినా తీసుకున్నవారికి రక్తంలో చక్కెర, కొవ్వులు కొంత తగ్గాయి. తరువాత వివిధ దేశాలలో జరిగిన చిన్న చిన్న అధ్యయనాలలోనూ కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, రక్తపోటు స్వల్పంగా తగ్గినట్టు కనిపించింది. ఇంత కొద్దిమందితో, ఇంత కొద్దికాలం చేసిన పరిశీలనలను నమ్ముకొని, పన్నెండేళ్ల షుగర్ మందునూ స్టెంట్ మూసుకుపోకుండా కాపాడే మాత్రలనూ కదిలించడం ప్రాణాలకే ప్రమాదం. షుగర్‌ను నయం చేస్తుందని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఇటువంటి ఉత్పత్తుల డబ్బా మీద 'ఔషధంగా వాడేందుకు కాదు' అని ముద్రించాలనే నిబంధన కూడా మన దేశంలో ఉంది.

బి12 గురించి మీ మిత్రులు చెప్పినది సరికాదు. స్పిరులినాలో బి12గా లెక్కకు వచ్చేదానిలో అధికభాగం మన శరీరానికి పనికిరాని నకలు రూపమే. అసలు బి12 కావలసినంత అందేది పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపల నుంచి, లేదా మందు రూపంలో. మీ నాన్నగారి విషయంలో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆయన శాకాహారి, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గే అవకాశం ఉంది, తిమ్మిర్లు కూడా మొదలయ్యాయి. తిమ్మిర్లు షుగర్ వల్ల కావచ్చు, బి12 లోపం వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. వెంటనే బి12 పరీక్ష చేయించండి. ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా కోలుకోకపోవచ్చు. మీరు పంపే డబ్బాను చూసి ఇంట్లోవారు ఆ పరీక్షను వాయిదా వేస్తారేమోనన్నదే నా భయం.

మీ నాన్నగారిలా రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా స్పిరులినా మొదలుపెట్టకూడదు. కీళ్లవాతం, లూపస్ వంటి, రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే తిరగబడే జబ్బులున్నవారికీ, యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవారికీ, ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే లోపమున్న పిల్లలకూ ఇది తగదు.

ప్రశ్న: నర్సంపేట దగ్గర మా ఊరి చెరువులో ఎండాకాలం నీళ్లమీద చిక్కటి ఆకుపచ్చ తెట్టె కడుతుంది. ఇదే స్పిరులినా అని, ఎండబెట్టి తినవచ్చని, పశువులకూ పెట్టవచ్చని ఒకతను చెబుతున్నాడు. నిజమేనా?
– ఒక రైతు

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. స్పిరులినా బాగా పెరిగేది సోడా కలిసినట్టుండే క్షార జలాల్లో. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు అటువంటిదే. మన కాకతీయుల నాటి చెరువులు మంచినీటి చెరువులు. పొలాల నుంచి యూరియా, డీఏపీ, ఊళ్ల నుంచి మురుగు కొట్టుకొచ్చి చేరినప్పుడు ఎండాకాలం వాటిలో కట్టే ఆకుపచ్చ తెట్టె చాలాసార్లు మైక్రోసిస్టిస్ అనే వేరే నాచుది. అందులో కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషం ఉండవచ్చు, ఆ విషం మరిగించినా పోదు. తెట్టె కట్టిన నీళ్లు తాగి పశువులు చనిపోయిన సందర్భాలు అనేక దేశాలలో ఉన్నాయి. తెట్టె ఉన్నన్నాళ్లూ గొడ్లను ఆ ఒడ్డుకు తోలకుండా బోరు నీళ్లు తాపండి. తాగిన పశువు తూలుతున్నా మేత ముట్టకపోయినా పశువైద్యునికి చూపించండి.

స్పిరులినా పెంచాలని మీకు ఆసక్తి ఉంటే అది వేరే వ్యవసాయం. నమ్మకమైన పరిశోధన సంస్థ నుంచి శుద్ధమైన విత్తన నాచు తెచ్చుకోవాలి. సోడియం బైకార్బొనేట్, ఇతర లవణాలు కలిపిన నీటి తొట్లలో, నీటి క్షారతను చెప్పే ఉదజని సూచిక (పీహెచ్) పది దరిదాపుల్లో ఉండేలా చూసుకుంటూ, 30–35 డిగ్రీల వేడిలో రోజూ కలియబెడుతూ పెంచి, సన్నని బట్టతో వడకట్టి, దుమ్ము పడకుండా ఆరబెట్టాలి. ఈ నాచు నీటిలోని సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలను పీల్చుకుంటుంది కనుక తొట్టి కట్టకముందే మీ బోరు నీటిని పరీక్ష చేయించాలి. అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ అనుమతి తప్పనిసరి. కొనేవారు కూడా డబ్బా మీద ఆ సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్య, తయారీ తేదీ చూసుకోవాలి, లోహాలకూ మైక్రోసిస్టిన్‌కూ చేసిన పరీక్షల నివేదికను అమ్మేవారిని అడగాలి.