తేదీ చెప్పండి, ఊరు చెప్పొద్దు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు న్యూజిలాండ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇప్పుడు ఇల్లు అద్దెకిచ్చేసి 40 అడుగుల తెరచాప పడవ కొన్నారు. వచ్చే మే నెలలో తొమ్మిదేళ్ల మనవరాలిని, ఐదేళ్ల మనవడిని తీసుకుని ఫిజీ బయల్దేరతారట. రెండు మూడేళ్లు దీవుల మధ్య పడవలోనే కాపురమట! పిల్లల చదువేం కాను? తుఫాను వస్తే? దసరాకి మేమూ వెళ్దామని టికెట్లు చూస్తున్నాం. పండగ రోజుకి ఫలానా దీవికి వచ్చి మమ్మల్ని ఎక్కించుకోమంటే అల్లుడు నసుగుతున్నాడు. మేం రావడం ఇష్టం లేదేమో. – ఒక అమ్మమ్మ, వనస్థలిపురం

జవాబు: అల్లుడు నసిగాడని చదవగానే నాకు ధైర్యం వచ్చిందమ్మా. “సరే అత్తయ్యా, ఆ రోజుకి అక్కడుంటాం” అని వెంటనే ఒప్పుకుని ఉంటే మీతోపాటు నేనూ టెన్షన్ పడేదాన్ని.

మేమూ ఇద్దరు పిల్లలతో ఆ దీవుల్లో పడవ మీద కాపురం చేసినవాళ్లమే. తెరచాప పడవ ఐదారు నాట్ల వేగంతో, అంటే గంటకి సుమారు పది కిలోమీటర్లు పోతుంది. అదీ గాలి అనుకూలిస్తేనే. మీరు వెళ్లే కాలంలో ఫిజీలో గాలి ఎక్కువగా ఆగ్నేయం నుంచి వీస్తుంది. తూర్పు దీవుల వైపు వెళ్లాలంటే దానికి ఎదురీదాలి. పైగా చుట్టూ పగడపు దిబ్బలు. మ్యాపుల్లో అన్నీ ఉండవు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీటి రంగు చూసుకుంటూ లోపలికి రావాలి. నీలంగా ఉంటే లోతు, గోధుమ రంగు కనిపిస్తే దిబ్బ. చీకటి పడితే బయటే ఆగిపోవాలి. ఎయిర్‌పోర్టులో అత్తమామలు ఎదురుచూస్తున్నారని సందెవేళ తొందరపడి దూరితేనే పడవ దిబ్బెక్కేది. అక్కడ తిరిగేవాళ్లు తుఫాను కంటే క్యాలెండర్‌కి ఎక్కువ భయపడతారు.

అందుకే చుట్టాలకి మేం ఒకే మాట చెప్పేవాళ్లం: ఊరైనా మీరే ఎంచుకోండి, తేదీ అయినా మీరే ఎంచుకోండి, రెండూ మాత్రం కాదు. మా అత్తగారు నల్లకుంట నుంచి వచ్చినప్పుడు మేం ఆవిడ అనుకున్న చోట లేం. నాందిలో విమానం దిగి, బస్సులో సువా వెళ్లి, రాత్రంతా ఫెర్రీలో కూర్చుని మేమున్న సవుసవు వచ్చారు. రెండు రోజులు మాతో ముభావంగానే ఉన్నారు. సవుసవు మార్కెట్లో బెండకాయలు, వంకాయలు, పచ్చిమిర్చి చూశాక కాస్త మెత్తబడ్డారు. కొండ దాటితే లంబాసా, అంతా చెరకు పొలాలు. 1879 నుంచి మనవాళ్లని ఒప్పంద కూలీలుగా ఫిజీకి తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసులో బయల్దేరి వెళ్లిన ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. పప్పు దొరుకుతుందా అన్న దిగులు మీకు అక్కర్లేదు.

తుఫాను సంగతి. అక్కడ తుఫానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఫిజీని ఎంత ఛిద్రం చేసిందో అక్కడివాళ్లు ఇప్పటికీ చెబుతారు. మీ వాళ్లు మేలో బయల్దేరుతున్నారంటేనే లెక్క తెలిసినవాళ్లు. అమ్మాయిని అడగాల్సింది “తుఫాను వస్తే?” అని కాదు, “నవంబరుకల్లా ఎక్కడుంటారు?” అని. న్యూజిలాండ్‌కి తిరిగొచ్చే వెయ్యి పైచిలుకు మైళ్లే ఈ ప్రయాణంలో కష్టమైన ముక్క. దానికి మంచి వాతావరణం కోసం వారాలు కాచుకోవాల్సి రావచ్చు. ఆ సమయంలో ఫోన్ చేసి “ఇంకా బయల్దేరలేదా?” అనకండి. పండగకి చూడాలనిపిస్తే సంక్రాంతికి వాళ్లనే హైదరాబాద్ రమ్మనండి. అప్పటికి పడవ అక్కడ రేవులో కట్టేసి ఉంటుంది, తేదీ ఎంత గట్టిగా చెప్పినా ఇబ్బంది లేదు.

ఇంకొకటి కూడా అడగండి. అల్లుడికి జ్వరమొచ్చి పడుకుంటే మీ అమ్మాయి ఒక్కతే ఆ పడవని ఒడ్డుకి తేగలదా? తేలేనంటే మే లోపు నేర్చుకోవాలి. మిగతా సామాను గురించి నాకు పెద్ద బెంగ లేదు. న్యూజిలాండ్‌లో రిజిస్టరైన పడవ దేశం దాటాలంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి లైఫ్ రాఫ్ట్, తుఫాను తెరచాప, శాటిలైట్‌కి ప్రమాద సంకేతం పంపే బీకన్, అన్నీ చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. పడవ ఎక్కడుందో చూపించే లింకు మీకు పంపుతారు. అందులో చుక్క సగం రోజు కదలకపోతే కంగారు పడకండి, చాలాసార్లు అది ఆ ట్రాకర్‌కి వచ్చిన జబ్బే.

చదువు: పొద్దున రెండు మూడు గంటలు కూర్చోబెడితే ఆ వయసుకి చాలు. పడవ నడుస్తున్న రోజుల్లో మాత్రం పుస్తకం తీస్తే వాంతులే. రేపు ఇండియా వచ్చేస్తే ఓపెన్ స్కూల్ (ఎన్‌ఐఓఎస్) ఉంది. నన్నడిగితే చదువు కంటే స్నేహితులు పెద్ద సమస్య. ఐదేళ్లవాడికి ఎవరైనా ఒకటే. మనవరాలికి పన్నెండు, పదమూడు వచ్చేసరికి ఈడు పిల్లలు కావాలి. రెండు మూడేళ్లే అంటున్నారు కాబట్టి సరిపోతుంది. అది ఐదారేళ్లకి సాగితే అప్పుడు అమ్మమ్మగా గట్టిగా మాట్లాడండి.

మీరు వెళ్లేటప్పుడు గట్టి సూట్‌కేసులు వద్దు, పడవలో పెట్టే చోటుండదు. మెత్తటి బ్యాగులు తీసుకెళ్లండి. పచ్చి కరివేపాకు మోసుకెళ్తే బయోసెక్యూరిటీ వాళ్లు తీసేసుకుంటారు. పొడులు, ప్యాకెట్ పచ్చళ్లు ఫారంలో రాసి, అడిగితే చూపించండి. నీళ్లు సముద్రపు నీటి నుంచి మెషీన్‌తో తీసినవి, కొళాయి విప్పి వదిలేస్తే అల్లుడి ముఖం మాడిపోతుంది. దిబ్బల మీద పట్టిన పెద్ద చేపల్లో ఒక్కోసారి సిగువాటెరా విషం ఉంటుంది, వండినా పోదు, అందుకని ఊరివాళ్లని అడక్కుండా తినొద్దు. పల్లెల దగ్గర లంగరు వేస్తే ముందుగా ఊరిపెద్దకి కావా (అక్కడివాళ్లు నీళ్లలో కలిపి తాగే మొక్క) వేళ్ల కట్ట సమర్పించుకోవాలి. దాన్ని సెవుసెవు అంటారు. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. మీ చీర అక్కడ బాగానే పనికొస్తుంది. కానీ చిన్న పడవలోంచి పెద్ద పడవలోకి చీరతో ఎక్కలేరు, ఒక పంజాబీ డ్రెస్ పెట్టుకోండి.

టికెట్ మాత్రం నాంది దాకానే తీసుకోండి. తర్వాత ఏ ఊరన్నది దిగాక అల్లుడు చెబుతాడు.

ప్రశ్న: సముద్రం లేని హైదరాబాద్‌లో సెయిలింగ్ నేర్చుకుంటే సముద్రం మీద పనికొస్తుందా? – ఇంజనీరింగ్ విద్యార్థి, మల్కాజిగిరి

జవాబు: పనికొస్తుంది బాబూ. హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది, సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఉంది. గాలిని చదవడం, తెర సర్దడం అక్కడే వస్తాయి. ఆటుపోట్లు, లంగరు, రాత్రి కాపలా మాత్రం ఆ చెరువు నేర్పదు, వాటికి సముద్రానికి వెళ్లాల్సిందే. నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్లలో ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్ అమ్మాయి, పి. స్వాతి విశాఖ అమ్మాయి. ఫీజులు క్లబ్బుకే వెళ్లి అడుగు. ఈత రాకపోతే ముందు అది నేర్చుకుని వెళ్లు.