కాలువలో పరిగె ‘కలుపు చేప’ అవుతుందా?

సందేహం: మా పంట కాలువలో పరిగెల్లాంటి చిన్న చేపలు తగ్గిపోతున్నాయని బోర్డు పెడదామనుకున్నాం. చేపల పెంపకం పుస్తకంలో వీటిని ‘కలుపు చేపలు’ అన్నారు. ‘కలుపు చేపలను కాపాడుకుందాం’ అంటే అందరూ నవ్వుతున్నారు. ‘దేశీయ మంచినీటి చేపలు’ అనొచ్చా? బోదెలో (పొలానికి నీరు తెచ్చే పిల్లకాలువలో) పారేవి మంచినీళ్ళు కావు కదా?

సమాధానం: వాళ్ళు నవ్వడం సహజమేనండి. కలుపు అంటే మనం విత్తకుండానే మొలిచి, విత్తినదాని ఎరువూ నీరూ పంచుకునేది. అంటే ముందు ఎవరో ఒకరు విత్తి ఉండాలి. చెరువు తవ్వి, బొచ్చె, శీలావతి పిల్లలు వదిలి మేత వేసే రైతుకు ఆ మేతకు అడ్డొచ్చే పరిగె కలుపే, అందుకే పిల్లల్ని వదిలే ముందు ఇప్పపిండి చల్లి (అందులోని సాపోనిన్ చేపల్ని చంపేస్తుంది) చెరువు శుభ్రం చేసుకుంటాడు, మీరు చదివిన పుస్తకం కూడా ఆయన కోసం రాసిందే. కానీ పంట కాలువలో ఎవరు ఏం విత్తారని? తొలకరి నీళ్ళకు ఎదురెక్కి, బోదెల్లోంచి వరిమడి దాకా వచ్చి, నీళ్ళు తీసేసే వేళకు మళ్ళీ కాలువలోకి దిగిపోయే చేప అక్కడిదే. దాన్ని కలుపు అనడం తప్పు, గట్టిగానే చెబుతున్నాను. దోమల్ని అరికట్టడానికని బయటి దేశం నుంచి తెచ్చి వదిలిన గంబూసియా అనే చేప ఇక్కడి చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది, అయినా దానికి మంచి పేరు ఉంది, పరిగెకేమో కలుపు అన్న ముద్ర. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

‘దేశీయ’ తప్పు కాదు గానీ మీ పనికి సరిపోదు. చేపల రైతుల దగ్గర ఆ మాటంటే బొచ్చె, శీలావతి, మోసులే గుర్తొస్తాయి, ఎందుకంటే వాటిని ‘దేశీయ కార్పులు’ అనే రాస్తారు. ‘నాటు చేపలు’ అనండి, ఊళ్ళో అందరికీ తెలిసిన మాట.

ఇక ‘మంచినీటి’ సంగతి. ఇంట్లో మంచినీళ్ళంటే తాగేవి, నిజమే. ఉప్పునీటితో పోల్చి చెప్పేటప్పుడు మాత్రం ఉప్పు లేని నీరంతా మంచినీరే. కొల్లేరును మంచినీటి సరస్సు అంటాం కదా, అలాగే. అయినా మీ బోర్డుకు ఆ మాట అక్కర్లేదు, కాలువ పక్కనే నిలబడి చదువుతారు.

నన్నడిగితే చేపల పేర్లే రాయండి: పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, బొమ్మిడాయిలు. ‘జీవవైవిధ్య పరిరక్షణ’ అని రాస్తే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. వేసవిలో కాలువలు కట్టేశాక ఈ చేపలు బతికేది అడుగున మిగిలే గుంటల్లోనే, కొర్రమీను, మట్టగిడస పైకొచ్చి గాలి పీల్చి కొంత ఓర్చుకుంటాయేమో గానీ పరిగెకు ఆ వీలు లేదు, పూడిక తీసేటప్పుడు గుంటలన్నీ చదును చేసేస్తే దాని పని అయిపోయినట్టే. కాబట్టి ఇలా రాయించండి: ‘ఈ గుంటల్లో పరిగెలు, జెల్లలు ఉన్నాయి. పూడిక తీసేటప్పుడు వీటిని పూడ్చకండి. పురుగుమందు డబ్బాలు ఇక్కడ కడగకండి.’