బండి బాగైంది, ధర మాత్రం పడిపోయింది

ప్రశ్న: మా కారుకు మూడేళ్లు నిండబోతున్నాయి. నాలుగు నెలల క్రితం ఊరి నుంచి వస్తుంటే హయత్‌నగర్ దగ్గర వెనక నుంచి డీసీఎం వ్యాను (సరుకులు మోసే మినీ లారీ) గుద్దింది. డిక్కీ, వెనక తలుపు, కింద ఫ్లోర్ దెబ్బతిన్నాయి. పోలీసు కేసు అయింది. మా ఇన్సూరెన్స్‌లోనే బాగు చేయించాం. బిల్లు 1,80,000 రూపాయలు, అందులో 16,000 మా చేతి నుంచి పడింది. ప్రమాదానికి ముందు 8,10,000 ఇస్తానన్న డీలరే ఇప్పుడు 6,80,000 అంటున్నాడు. ఇలాంటి తగ్గుదలకు అక్కడ ఇన్సూరెన్స్ డబ్బు వస్తుందని అట్లాంటాలో ఉన్న మా తమ్ముడు చెప్పాడు. మా బావగారేమో యాక్సిడెంట్ మాటే ఎత్తకుండా అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే, కాకపోతే అది అక్కడి సంగతి. రిపేరు అయ్యాక కూడా బండి విలువ తగ్గితే ఆ తేడాను సొంత ఇన్సూరెన్స్ కంపెనీయే లెక్కగట్టి ఇవ్వాలని అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్ర సుప్రీంకోర్టు 2001లో స్టేట్ ఫార్మ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ కేసులో తేల్చింది. అమెరికాలో మిగతా చాలా రాష్ట్రాల్లో తప్పు చేసినవాడి కంపెనీనే అడగాలి. జార్జియాలో పుట్టిన ఒక లెక్క కూడా ఉంది. బండి ధరలో 10 శాతం దగ్గర మొదలుపెట్టి, దెబ్బ తీవ్రతను బట్టి, తిరిగిన మైళ్లను బట్టి కోసుకుంటూ వస్తారు. ఆ లెక్క పట్టుకుని మీ ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్తే మాత్రం మంచినీళ్లు ఇచ్చి పంపిస్తారు, అంతే.

ఎందుకంటే మన కార్ల పాలసీలో మినహాయింపుల దగ్గర మొదటే రాసి ఉంటుంది: కాన్సిక్వెన్షియల్ లాస్ (ప్రమాదం వల్ల పరోక్షంగా జరిగే నష్టం), డిప్రిసియేషన్ (పాతబడి విలువ తగ్గడం), అరుగుదల, వీటికి చెల్లించం అని. అమ్మకం ధర తగ్గడం ఆ గీత లోపలికే వస్తుంది. 'నాకు జీరో డెప్ (జీరో డిప్రిసియేషన్) కవర్ ఉంది కదా' అని చాలామంది అడుగుతారు. అది రిపేరులో మార్చిన ప్లాస్టిక్, రబ్బరు, మెటల్ భాగాల మీద కోత పెట్టకుండా చూసే కవర్. బండి మార్కెట్ ధరతో దానికి సంబంధం లేదు. పాలసీ మీద వేసిన ఐడీవీ (కంపెనీ ఒప్పుకున్న బండి విలువ) కూడా అంతే, దొంగతనానికో బండి పూర్తిగా పోయినప్పుడో పనికొచ్చే అంకె. పాలసీలోనే లేనిదాని కోసం ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లి మీ టైము పాడు చేసుకోకండి.

మిగిలిన దారి ఆ డీసీఎం. 1988 మోటారు వాహనాల చట్టం కింద ప్రాణాలకు, గాయాలకే కాదు, ఎదుటివారి ఆస్తికి జరిగిన నష్టానికి కూడా ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టులో) దావా వేయొచ్చు. దాన్ని డీసీఎం డ్రైవరు, ఓనరు, వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురి మీదా వేస్తారు. చాలా పాలసీల్లో ఆస్తి నష్టానికి పరిమితి 7.5 లక్షలు ఉంటుంది కాబట్టి మీ మొత్తానికి అది అడ్డం రాదు. అడ్డొచ్చేది గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు అర్జీ పడాలి. మీకు నాలుగు నెలలు గడిచిపోయాయి. మలక్‌పేటలో ఉంటున్నారు కనుక సిటీ సివిల్ కోర్టులో వేసుకోవచ్చు, ప్రమాదం జరిగిన చోటు లెక్కన ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులోనూ వేసుకోవచ్చు.

ఇప్పుడు ఎంత అడగాలన్నది చూద్దాం. మీరు 8,10,000లోంచి 6,80,000 తీసేసి 1,30,000 అంటున్నారు. ఆ లెక్క నిలబడదు. నాలుగు నెలల్లో బండి మామూలుగానే కొంత పాతబడింది, కిలోమీటర్లు పెరిగాయి. ఎదుటి లాయరు మొదటి ప్రశ్నే అది వేస్తాడు. ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర, అదే మోడల్, అదే సంవత్సరం, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగి యాక్సిడెంట్ కాని బండి ఈ రోజు ఎంత పలుకుతుందో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. అది 7,80,000 అనుకుంటే మీ అసలు నష్టం లక్ష. దాంతోపాటు లైసెన్సు ఉన్న సర్వేయరు చేత ఒక రిపోర్టు తీసుకోండి. ఫ్లోర్‌లో వెల్డింగ్ జరిగిందా లేదా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి, ధర కోత ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, రిపేరు బిల్లులు, పాత సర్వీసు రికార్డు కూడా జతచేయాలి. డీసీఎం నంబరు ప్రభుత్వ వాహన వెబ్‌సైట్ పరివాహన్‌లో కొడితే దాని ఇన్సూరెన్స్ ఏ కంపెనీదో, ప్రమాదం నాటికి గడువు ఉందో తేలుతుంది. గడువు దాటి ఉంటే ఓనరు ఒక్కడే మిగులుతాడు. అప్పుడు తీర్పు వచ్చినా వసూలు చేసుకోవడం వేరే తలనొప్పి.

మీ కంపెనీ ఇప్పటికే ఇచ్చిన 1,64,000 మళ్లీ అడగకూడదు. చేతి నుంచి పెట్టిన 16,000, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు తిరిగిన క్యాబ్ ఖర్చు (రసీదులు ఉంటేనే) కలపండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయిన సంగతి చాలామంది లెక్క వేసుకోవడం మర్చిపోతారు. మూడేళ్లు క్లెయిమ్ లేకపోతే ఈ రెన్యువల్‌లో 35 శాతం తగ్గింపు వచ్చేది, ఇప్పుడది సున్నా. ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియం ఏటా 12,000 దగ్గరే ఉందనుకుంటే ఈ ఏడాదే 4,200 పోయినట్టు. ఏటా కొంత పెరుగుతూ ఆ తగ్గింపు మళ్లీ గరిష్ఠమైన 50 శాతానికి చేరేసరికి మొత్తం 12,000 పైనే అవుతుంది. ఇదీ రాయండి, ఇస్తే ఇస్తారు.

గ్యారంటీగా వస్తుందని నేను చెప్పను. అమ్మకం ధర తగ్గడం పరోక్ష నష్టమని అవతలి కంపెనీ గట్టిగా వాదిస్తుంది. ఒక్క లక్ష కోసం ఏళ్ల తరబడి వాయిదాలు తిరగడం లెక్కకు సరిపోదు. అందుకే నా సలహా: గడువులోపు అర్జీ వేసేయండి, ఆపైన లోక్ అదాలత్‌లో రాజీకి రండి. అక్కడ కుదిరితే మళ్లీ అప్పీలు ఉండదు, మీకూ వాళ్లకూ. నేనైతే చేతి ఖర్చు పోను 50,000 దగ్గర ఒప్పుకుంటాను. లాయరు ఫీజు మాత్రం మొదటే మాట్లాడుకోండి. ఈలోగా ఎవరైనా ఫుల్ అండ్ ఫైనల్ అని కాగితం పెడితే చదవకుండా సంతకం చేయకండి.

ఇక అమ్మడం. అవసరం లేకపోతే ఇప్పుడు అమ్మకండి. మూడేళ్ల బండికి యాక్సిడెంట్ పేరు చెప్పి లక్ష కోస్తారు, అదే బండికి ఎనిమిదేళ్లు వచ్చాక ఆ కోత చాలా చిన్నదవుతుంది. బండి బాగా నడుస్తుంటే ఇంకో అయిదేళ్లు తిప్పండి, కొత్త కారు లోను వడ్డీ కూడా మిగులుతుంది.

బావగారి సలహా మాత్రం వద్దు. పెయింట్ మందం చూసే మిషన్ ఇప్పుడు చిన్న డీలరు దగ్గరా ఉంది, పాత క్లెయిములు కూడా బయటపడతాయి. తెలిసి దాచి అమ్మితే 1872 కాంట్రాక్ట్ చట్టం దాన్ని మోసమనే అంటుంది. పైగా ధర పడిపోయిందని కోర్టులో అర్జీ వేసి, ఇంకోపక్క యాక్సిడెంటే కాలేదని చెప్పి అమ్మారనుకోండి, ఆ అమ్మకం కాగితమే మీ కేసుకు ఎదురు సాక్ష్యం అవుతుంది.